ఏ.సి. యంత్రముల మరమ్మతు – మన చేతిపని గౌరవము

(మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యావిషయములను గూర్చియు, సంఘాభివృద్ధిని గూర్చియు ముచ్చటించుటకు మాకంటె నెంతయో సమర్థులగు పెద్దలు ఈ వేదికపై నున్నారు. ఆహ్వాన సంఘమువారు మాకు ఒప్పగించినది వేరొక విషయము. గదులను చల్లపరచు ఏ.సి. యంత్రమును శుభ్రపరచి బాగుచేయు విధమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని వారి యాజ్ఞ. కులసభలో గ్యాసు సిలిండరు ప్రసంగమేమని కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వుటకు మాకు అభ్యంతరము లేదు. అయితే కడవరకు విని పిమ్మట నవ్వుడని మాత్రము ప్రార్థించుచున్నాము.

పల్నాటి యెండలను గూర్చి పల్నాటివారికి చెప్ప బనిలేదు. వేసవిలో మన రాష్ట్రమునందెల్ల హెచ్చు వేడిమి ఏ యూర నమోదైనదని పత్రికలో వెదకినచో రెంటచింతల పేరు తరచుగా కానవచ్చును. నేలలో సున్నపురాయి, ఇంటిలో నాపరాయి. పగలెల్ల కాగిన రాయి నడిరేయి దాక ఆ వేడిని విడుచుచునే యుండును. శ్రీనాథుని పేర చెల్లుచున్న చాటువులలో సైతము మన నాపరాళ్లును, మన నీటికరవును పరిహాసమునకు గురియైనవి. 1967 లో నాగార్జునసాగరపు కాలువలకు నీరు విడిచిన పిమ్మట ఆ కరవు కొంత తీరినది గాని, యెండ తీరలేదు. 2022 ఏప్రిల్ 4 వ తేదీన నరసరావుపేట ముఖ్యపట్టణముగా పల్నాడు జిల్లా యేర్పడినది, పట్టణములు పెరుగుచున్నవి, ఒకప్పుడు కచ్చేరీలలోను, వైద్యశాలలలోను మాత్రమే కానవచ్చిన ఏ.సి. యంత్రము నేడు పిడుగురాళ్లలోను, గురజాలలోను, మాచర్లలోను మధ్యతరగతివారి పడకగదిలో చేరినది. ముసలివారికిని, పసిబిడ్డలకును, వ్యాధిగ్రస్తులకును మే నెలలో అది భోగవస్తువు కాదు, ప్రాణాధారము. అట్టి యంత్రము చెడినప్పుడు పిలువబడువాడు ఎవడు? మన యింటి కుర్రవాడే.

మన పెద్దలు చెప్పు పంచవృత్తులు కమ్మరము, వడ్రంగము, కంచరము, శిల్పము, స్వర్ణకారము. ట్రాక్టరు వచ్చి నాగలి పనిని తగ్గించెను. స్టీలు పాత్ర వచ్చి కంచరి కొలిమిని ఆర్పెను. పెద్ద దుకాణములలో సిద్ధముగా నమ్ము నగలు వచ్చి కంసాలి కుంపటిని చల్లార్చెను. ఇందుకు దుఃఖించుచు కూర్చుండుట వలన ప్రయోజనము లేదు. కొలిమి ఆరినను చేయి ఆరలేదు. ఆ చేయి నేడు పట్టిన క్రొత్త పనులలో ఏ.సి. మరమ్మతు ఒకటి. ఈ పని మనదే యని మేము చెప్పుట లేదు. అన్ని కులములవారును దీనిని చేయుచున్నారు, చేయవలసినదే. కాని మనము చేయునప్పుడు మన తాతల పనితనమునకు తగినట్లుగా చేయుచున్నామా యని ప్రశ్నించుకొనుటకే నేడు మేము నిలిచితిమి.

మొదట యంత్రతత్త్వమును చెప్పుదుము. క్రొత్త మట్టికుండలోని నీరు ఏల చల్లగా నుండును? కుండ గోడనుండి ఊరిన చెమ్మ ఆవిరియగుచు, తనకు కావలసిన వేడిని లోపలి నీటినుండి గైకొనును. ఏ.సి. యంత్రమునందు జరుగునదియు ఇదియే. నీరు 100 డిగ్రీల వేడిమికి మరుగునుగదా. నేటి క్రొత్త యంత్రములలో హెచ్చుగా వాడుచున్న ఆర్-32 అను ద్రవము, పీడనము లేనిచో, సున్నకు దిగువ సుమారు 52 డిగ్రీలకే మరుగును. గది లోపలి గొట్టపుచుట్టలో అది మరిగి ఆవిరియగుచు గదిలోని వేడిని గ్రహించును. బయటనున్న కంప్రెసరు ఆ యావిరిని నొక్కి మిక్కిలి వేడి చేయును. బయటి గాలికంటె అది వేడిగా నున్నది గాబట్టి, ఫ్యాను విసరుచుండగా, తెచ్చిన వేడిని బయట విడిచి మరల ద్రవమగును. సన్నని దారిగుండ మరల లోపలికి వచ్చి మరల మరుగును. ఇంతియే దీని రహస్యము.

కుండకును యంత్రమునకును గల భేదమును మాత్రము మనసున నుంచుకొనవలయును. కుండలోని నీరు తరిగిపోవును, మరల పోయవలయును. యంత్రములోని గ్యాసు తరుగదు. బిగించిననాడు పోసిన గ్యాసే, ఎక్కడను రంధ్రము లేనిచో, యంత్రమున్నన్ని నాళ్లు తిరుగుచుండును. అది దీపములోని నూనె వంటిది కాదు, బండిలోని పెట్రోలు వంటిది కాదు. దేహములోని రక్తము వంటిది. రక్తము తక్కువయైనచో ఎక్కడనో గాయమున్నదని యర్థము. గాయమును కట్టక రక్తమును పోయువానిని వైద్యుడందుమా?

సోదరులారా! మన వృత్తికి నేడు పట్టిన చీడ ఇదియే. "ఏ.సి. చల్లగా లేదు" అనగానే "గ్యాసు అయిపోయినదండీ" అనుట, నింపుట, సొమ్ము గైకొనుట, మరుసటి వేసవికి మరల నదియే చేయుట. కొందరు తెలిసి చేయుచున్నారు. పెక్కుమంది తెలియక చేయుచున్నారు. ఇతరులను నిందించుటకు ముందు మా తప్పును చెప్పుకొనుట న్యాయము.

కొన్ని యేండ్ల క్రిందట నరసరావుపేటలో పదవీవిరమణ పొందిన ఒక ఉపాధ్యాయుని యింటికి మమ్ము పిలిచిరి. మూడు వేసవులుగా ఆ యింట గ్యాసు నింపుచునే యున్నారు. ఆ మూడు పర్యాయములలో ఒక పర్యాయము నింపినది మేమే. నాలుగవసారి తీరిక చేసికొని బయటి యంత్రము కడ కూర్చుండి చూడగా, రాగిగొట్టమును బిగించు ఫ్లేరు నట్టు క్రింద నూనె మరక కనబడెను. గ్యాసు జారుచోట దానితోకూడ తిరుగు నూనెయు కొంచెము కారును, మరకయే సాక్ష్యము. సబ్బునీరు పూయగా బుడగలు లేచెను. బిగించిననాడు నట్టును మితిమీరి త్రిప్పుటచేత రాగి మూతి పగిలియుండెను. జానెడు గొట్టమును కోసి క్రొత్త మూతి చేయుటకు అరగంట పట్టినది. ఆ పెద్దమనిషి కోపింపలేదు. "నాయనా! మూడేండ్లుగా నేను గ్యాసు కొనుచున్నాననుకొంటిని. కొనినది ఆ పగులును" అనెను. మేము తలవంచుకొని, "తప్పు మాది, మాస్టారూ" అంటిమి. ఆ నాటినుండి కారుచోటు వెదకక గ్యాసు సీసా మూత తీయలేదు.

చల్లదనము తగ్గుటకు గ్యాసు ఒక్కటియే కారణము కాదు. చూడవలసిన వరుసను చెప్పుదుము. మొదటిది గాలి. లోపలి జాలి ఫిల్టరు దుమ్ముతో పూడుకొన్నచో చల్లని చుట్టమీద గాలి పోదు, చుట్ట గడ్డకట్టును. మంచు కట్టినదనగానే గ్యాసు తక్కువని తీర్మానించువారు కలరు. గ్యాసు తక్కువైనను మంచు కట్టును, గాలి తక్కువైనను కట్టును. కనుక మొదట ఫిల్టరును కడుగవలయును. ఈ పనిని ఇంటి యిల్లాలే పదునైదు దినములకొకసారి చేసికొనవచ్చునని చెప్పుట మన ధర్మము. చెప్పినచో మనకు గిరాకి పోవునను భయము వలదు. ఫిల్టరు వెనుక గాలి విసరు చక్రమును, చుట్ట రెక్కలను, నీరు పోవు తొట్టిని శుభ్రపరచుట మన పని. గదిలో గోడవెంట నీరు కారుటకు సామాన్యముగా కారణము ఆ తొట్టిలో నాచు పట్టుటయో, గొట్టమునకు వాలు లేకుండుటయో గాని మరొకటి కాదు.

రెండవది బయటి చుట్ట. ఇది మన సీమకు ముఖ్యము. పిడుగురాళ్ల సున్నపు బట్టీల పొడియు, దాచేపల్లి, మాచర్ల ప్రాంతముల సిమెంటు, రాతిపనుల దుమ్మును, పల్లెలలో ప్రత్తి నూగును ఈ చుట్ట రెక్కల నడుమ చేరి వేడిని బయటికి పోనీయవు. సున్నమునకు మరియొక గుణము కలదు. తడిసిన సున్నము అల్యూమినియమును తినివేయును. రెక్కలు అల్యూమినియముతో చేయబడినవే. కావున సున్నపుదుమ్ము పట్టినచోట తడిగుడ్డతో తుడిచి విడువరాదు. మొదట పొడిబ్రష్షుతో దులిపి, విద్యుత్తు ఆపి, తీగెలపెట్టెను కప్పి, పుష్కలమైన నీటితో లోపలినుండి వెలుపలికి కడిగివేయవలయును. నీటి వేగము రెక్కలను వంచునంత యుండరాదు.

మూడవది విద్యుత్తు. పల్లెలలో సాయంకాలము వోల్టేజి పడిపోవును. కంప్రెసరు మూలిగి ఆగిపోవును. అది గ్యాసు జబ్బు కాదు. కెపాసిటరు బలహీనమైనను అట్లే మూలుగును. దానిని మీటరుతో కొలిచి, పైన వ్రాసిన లెక్కతో పోల్చిచూచిన తెలియును. కొలువక మార్చుటయు, మార్చక గ్యాసు నింపుటయు రెండును తప్పులే.

నాలుగవది యంత్రపు శక్తి. ఒక టన్ను అనగా యంత్రపు బరువు కాదు. సుమారు 907 కిలోల మంచుగడ్డ 24 గంటలలో కరగుటకు ఎంత వేడి పట్టునో అంత వేడిని తీయగల శక్తికి అది పేరు. యంత్రముమీద వ్రాయు ఆ శక్తి బయట 35 డిగ్రీల వేడిమియందు పరీక్షించి నిర్ణయించినది. మన యూళ్లలో 45 డిగ్రీల నాడు, పడమటి గోడకు ఎండలో తగిలించిన యంత్రము అంత పని చేయజాలదు. లోపలికి పోవు గాలికిని వెలువడు గాలికిని సుమారు 8 మొదలు 12 డిగ్రీల భేదమున్నచో యంత్రము ఆరోగ్యముగా నున్నట్లే. అప్పుడు "మీ యంత్రమునకు జబ్బు లేదు, దీనిని నీడపట్టునకు మార్చుడు, కిటికీకి తెర వేయుడు, 24 డిగ్రీలకు పెట్టి ఫ్యాను త్రిప్పుడు" అని చెప్పి, చూచిన కూలి మాత్రము గైకొని రావలయును. అట్లు వచ్చినవానిని ఆ యింటివారు పదిమందికి చెప్పుదురు.

ఈ నాలుగును చూచిన పిమ్మట గ్యాసే తక్కువని తేలినదనుకొందము. ఇచ్చటనే మన పంచవృత్తులు అక్కరకు వచ్చును. కారుచోటు కనుగొనుటకు పొడి నైట్రోజను వాయువును గొట్టములలో నింపి, పీడనము నిలుచునో లేదో చూచి, సబ్బునీటితో ప్రతి యతుకును పరీక్షింపవలయును. ఆ పనికి ఆక్సిజను వాయువును ఎన్నడును వాడరాదు. అది కంప్రెసరు నూనెతో కలిసి ప్రేలి ప్రాణములు తీయును. రాగిని రాగితో అతుకుట కంచరి విద్య. ఎంత యెఱ్ఱగా కాచిన పొడి కరగి సందులోనికి ప్రాకునో మన పెద్దలకు కంటిచూపే కొలత. అతుకునపుడు గొట్టములో సన్నగా నైట్రోజను పారించినచో లోపల మసి పొర కట్టదు. గోడలో రంధ్రము వెలుపలికి వాలునట్లు తొలుచుట, యంత్రమును మట్టము చూచి నిలుపుట వడ్రంగి, శిల్పి విద్యలు.

అతికిన పిమ్మట వాక్యూము పంపుతో గొట్టములలోని గాలిని, చెమ్మను పూర్తిగా లాగవలయును. మీటరుపై 500 మైక్రానులకు దిగువకు వచ్చి, పంపు ఆపిన తరువాతను ముల్లు నిలిచినగాని పని ముగిసినట్లు కాదు. కొందరు కొంచెము గ్యాసును విడిచి "గాలి తోలితి"మందురు. ఆ చెమ్మ లోపల నిలిచి నూనెను చెఱచును. కంప్రెసరు అకాలమరణము నొందును.

తుదకు గ్యాసు నింపుట. అది కంసాలి విద్య. బంగారమును చేతితో ఎత్తిచూచి "ఇది తులముండును" అను స్వర్ణకారుడు మన కులములో నెన్నడైన నుండెనా? త్రాసు లేక తాకడు. యంత్రముమీది పలకపై ఏ గ్యాసు, ఎన్ని గ్రాములు అని స్పష్టముగా వ్రాసియుండగా, గొట్టమును చేతితో తాకి "చాలును" అనుట మన తాతలకు తలవంపు. పూర్వపు ఆర్-22 గ్యాసునకు అలవడిన చేయి ఆర్-32, ఆర్-410ఏ గ్యాసుల కడ మోసపోవును. వీని పీడనము ఇంచుమించు ఒకటిన్నర రెట్లు హెచ్చు. పాత గొట్టములు, పాత గేజీలు వీనికి పనికిరావు. హెచ్చుగా నింపిన గ్యాసు తక్కువ గ్యాసువలెనే చల్లదనమును తగ్గించి, కరెంటు బిల్లును పెంచును. కావున సీసాను త్రాసుపై నుంచి తూచి పోయవలయును.

ఇక ప్రాణభయమును గూర్చి చెప్పక తప్పదు. ఆర్-32 కొంచెముగా నంటుకొను స్వభావము గలది. కొన్ని యంత్రములలో వాడు ఆర్-290 అనగా ప్రొపేను, వంటగ్యాసు జాతికి చెందినది, తీవ్రముగా మండును. గ్యాసు లోపల నుండగా గొట్టముపై మంట పెట్టరాదు. దానిని వేరు సీసాలోనికి తీసి, నైట్రోజనుతో కడిగి, తలుపులు తెరచి, అప్పుడు మంట వెలిగింపవలయును. ఈ గ్యాసులలో ఆర్-22, ఆర్-32 వంటివి మంటలో పడి విషవాయువగును. యంత్రమును మార్చునపుడు గ్యాసును బయటి యంత్రములోనికి లాగుచుండగా గొట్టము విప్పుట మహాపాయము. కంప్రెసరు గాలిని పీల్చి బాంబువలె ప్రేలవచ్చును. మొదట కంప్రెసరును ఆపవలయును. విద్యుత్తు తీసినను కెపాసిటరులో కొంత నిలువయుండును; దానిని తగిన విధమున ఖాళీచేసి, మీటరుతో చూచి, పిమ్మట తాకవలయును.

మా వద్ద పని నేర్చిన ఒక పిల్లవాడు మాచర్లలో రెండవ అంతస్తు గోడకు తగిలించిన యంత్రమును కడుగుటకు సన్నని సజ్జపై దిగెను. మే నెల, నాడు అది ఆరవ యిల్లు, తొందర. తడిసిన సజ్జపై కాలు జారెను. క్రింది పాకకప్పుపై పడుటచేత ప్రాణము దక్కినది గాని కాలు వంకరయైనది. నడుమునకు కట్టవలసిన త్రాడు మా సంచిలోనే యుండెను. "కట్టుకొమ్ము" అని మేము చెప్పలేదు, వాడు అడుగలేదు. నేటికిని ఆ పిల్లవాని తల్లి యెదుటికి వచ్చినచో మాకు మాట రాదు. సభలోని తండ్రులారా! మీ కుమారుడు పనికి పోవునపుడు అన్నపు క్యారేజి పెట్టితిరా యని యడిగినట్లే, త్రాడు పెట్టుకొంటివా యని యడుగుడు.

గాలిలోనికి విడిచిన గ్యాసు మన వీధితో పోదు. పూర్వపు గ్యాసులు ఆకాశమందలి ఓజోను పొరను చిల్లులు చేయుటచేత, 1987 లో మాంట్రియలు నగరమున పెక్కు దేశములు ఒడంబడిక చేసికొని వానిని క్రమముగా మాన్పుచున్నవి. మిగిలినవి భూమిని వేడిచేయును. ఒక కిలో ఆర్-32 ను విడిచినచో, నూరేండ్ల లెక్కన, సుమారు 675 కిలోల బొగ్గుపులుసు వాయువును విడిచినంత కీడు. ఆర్-410ఏ అయినచో రెండువేల కిలోలకు పైమాటయే. ఈ కీడును తగ్గించుటకు 2016 లో కిగాలీ నగరమున మరియొక ఒప్పందము జరిగినది. మన దేశము 2021 లో దానిని అంగీకరించినది. రెంటచింతల యెండను ఇంకను పెంచు పాపములో మనకు భాగమేల? కారుచోటు మూయువాడు ఇంటివాని సొమ్మును, భూమి చల్లదనమును ఒక్కసారియే కాపాడుచున్నాడు.

ఈ యంత్రము పుట్టుకను గూర్చి ఒక్క మాట. 1902 లో అమెరికాలో బ్రూక్లినునందలి ఒక ముద్రణాలయమున గాలిలోని తేమచేత కాగితము సాగి రంగులు కుదురకుండెను. విల్లిస్ క్యారియరు అను యువ ఇంజనీరు, అప్పటికి పాతికేండ్లవాడు, లోపము కాగితములో గాక గాలితేమలో నున్నదని గ్రహించి, ఆ తేమను అదుపుచేయు యంత్రమును కల్పించెను. చూడుడు! కారణమును వెదకిన బుద్ధినుండి పుట్టిన యంత్రమును, కారణమును వెదకకుండ బాగుచేయబూనుట ఎంత విపరీతము!

కడపట మూడు మనవులు. మొదటిది: కారుచోటు పరీక్షింపక గ్యాసు నింపమనియు, నింపిన గ్యాసు పేరును, తూకమును బిల్లుపై వ్రాసియిత్తుమనియు మన పనివారందరు ఈ సభలో ప్రతిజ్ఞ చేయవలయును. రెండవది: వాక్యూము పంపు, త్రాసు, నైట్రోజను సీసా, గ్యాసును తీయు యంత్రము, నడుముత్రాళ్లు ఒక్కొక్క పనివాడు కొనజాలడు. నరసరావుపేట, గురజాల, మాచర్లలలో ఒక్కొక్క జత సంఘము కొని, ఏ కులపు పనివాడు వచ్చి యడిగినను స్వల్పపు అద్దెకు ఈయవలయును. కల్యాణమండపమునకు వేయు మరియొక అంతస్తుకంటె ఇది ముందు కావలసినది. మూడవది: పదవ తరగతి ముగిసిన పిల్లలను వేసవిలో సంచి మోయుటకు పంపి అదియే విద్యయనుకొనరాదు. ఐ.టి.ఐ.లలో శీతలయంత్రముల పనికి రెండేండ్ల చదువు కలదు. అందు చేర్పింపుడు. ఆడపిల్లలను గూడ చేర్పింపుడు. కొలిచి, తూచి, ఓపికతో వెదకు పనికి వారికంటె తగినవారెవరు?

పెద్దలారా! కొలిమి పోయినదని మనము విచారించుచున్నాము. కొలిమిలో మన తాతలు కాచినది ఇనుము మాత్రమే కాదు, మాట కూడను. "ఆయన చేసిన నాగలి విరుగదు" అని యూరు చెప్పుకొనెడిది. "ఆయన చూచిన యంత్రమునకు మరల గ్యాసు పట్టలేదు" అని రేపు యూరు చెప్పుకొన్ననాడు మన కుంపటి ఆరలేదని మేము నమ్ముదుము.